పెట్టె ఒకటి, తెరలు మూడు

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈవేళ నేను పచ్చళ్ళ గురించీ, పిల్లల జలుబుల గురించీ మాట్లాడబోవడం లేదు. మిద్దె మీద ఆకాశం వైపు మొహం పెట్టుకుని కూర్చున్న డిష్షు, హాల్లో టీవీ కింద నల్లటి బాక్సు, దాన్నించి గోడల వెంట పాకే వైర్లు, వీటిని గురించి నాలుగు మాటలు చెప్పదలిచాను. “అవన్నీ మగవాళ్ళ వ్యవహారాలు గదమ్మా” అంటారేమో. వైరు లాగించేది మగవాళ్ళే కావచ్చు. ఆ వైరు పుణ్యమా అని రోజూ సాయంత్రం ఇంట్లో లేచే తగువు తీర్చేది మాత్రం మనమేనాయె!

ఇంటికొక టీవీ అనే రోజులు ఎప్పుడో పోయాయి. కొత్తది కొంటాం, పాతది పారేయడానికి చేతులు రావు. పెద్ద తెర టీవీ హాల్లోకి వస్తుంది. పాత డబ్బా టీవీ పెద్దవాళ్ళ గదిలోకి పోతుంది. కోడలు కాపురానికి వచ్చేటప్పుడు పుట్టింటివాళ్ళు పెట్టిన టీవీ ఆమె గదిలో గోడకెక్కుతుంది. ఇట్లా చూస్తూ చూస్తూ ఉండగానే మూడు టీవీలు తేలతాయి. డిష్షు ఒకటే, బాక్సూ ఒకటే. “నెలనెలా మూడింటికీ డబ్బు కట్టాలా? ఆ ఒక్క బాక్సుతోనే మూడింట్లోనూ బొమ్మ రాదా?” అని అడిగేవాళ్ళు నాకు వారానికి ఒక్కరైనా తగులుతారు. రేడియోలో మాట్లాడే మనిషికి వైరున్న ప్రతి వస్తువు గుట్టూ తెలుస్తుందని మా ఊళ్ళో వాళ్ళకొక నమ్మకం. నేను చదివింది పదో తరగతి. కాకపోతే మా తమ్ముడు టీవీల రిపేరు పని చేస్తాడు. వాడు నిచ్చెన ఎక్కితే కింద నిలబడి నిచ్చెన పట్టుకుని, వాడు చెప్పిందల్లా వింటూ, అర్థం కానిది మళ్ళీ అడుగుతూ నేర్చుకున్న విద్య ఇది.

వాళ్ళడిగే ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో చెప్పాలంటే, వస్తుంది. మూడింట్లోనూ వస్తుంది, ఆరింట్లోనూ వస్తుంది. అయితే అన్నింట్లోనూ ఒకే బొమ్మ వస్తుంది. పొయ్యి మీద ఒకే కూర ఉడుకుతూ ఉంటే దాన్ని పదిమందికి వడ్డించవచ్చు. కంచానికొక కూర కావాలంటే ఆ ఒక్క గిన్నెలోంచి ఎక్కణ్ణించి వస్తుంది? మెకానిక్కు ఇంటికి రాకముందే ఈ సంగతి మనం తేల్చుకోవాలి. మన ఇంట్లో అందరికీ ఒకే కూర చాలా, వేరు వేరు కూరలు కావాలా?

ఎందుకిట్లా అవుతుందో కొంచెం చెబుతాను. భయపడకండి, లెక్కల పాఠం కాదు.

భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహం ఉంటుంది. భూమితో పాటే తిరుగుతుంది గనుక మనకు ఎప్పుడూ ఒకే చోట నిలబడినట్టు లెక్క. అక్కణ్ణించి వచ్చే తరంగాలను డిష్షు పట్టి, దాని ముందుకు పొడుచుకొచ్చిన కడ్డీ చివర ఉండే తెల్లటి బుడిపె మీదికి తోస్తుంది. ఆ బుడిపెనే ఎల్.ఎన్.బి. అంటారు. పై నుంచి వచ్చే తరంగం 11, 12 గిగాహెర్ట్జ్‌ల మీద ఉంటుంది. అంత వేగం తరంగాన్ని వైర్లో పంపితే దారిలోనే చచ్చిపోతుంది. అందుకని ఎల్.ఎన్.బి. దాన్ని 950 నుంచి 2,150 మెగాహెర్ట్జ్‌ల మధ్యకు దించి కిందికి పంపుతుంది. ఇక్కడిదాకా ఛానళ్ళన్నీ కలిసికట్టుగానే వస్తాయి. బాక్సు చేరాక మనం రిమోటు నొక్కితే, ఆ గుంపులోంచి ఒక్క ఛానల్ని విడదీసి, దాని తాళం తీసి, బొమ్మగా మార్చి టీవీకిస్తుంది. అంటే బాక్సుకు ముందున్న వైర్లో అన్నీ ఉన్నాయి, బాక్సు తరవాత వైర్లో ఒక్కటే ఉంది. పంచుకోవడం బాక్సుకు ముందా, తరవాతా అన్నదాన్ని బట్టే తక్కిన కథంతా నడుస్తుంది.

ఈ ఉపగ్రహాల సంగతి మన తీరం వాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. శ్రీహరికోట 2022లో జిల్లాలు విడగొట్టేదాకా మన నెల్లూరు జిల్లాదే, ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది. రాకెట్టు లేస్తుందంటే మనం పొయ్యి మీద పాలు కూడా మరిచి మిద్దెలెక్కుతాం. 2006 జూలై 10 సాయంత్రం ఇన్‌శాట్-4సి అనే ఉపగ్రహాన్ని మోసుకుని లేచిన జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు దారి తప్పి బంగాళాఖాతం పాలయింది. ఇళ్ళకు నేరుగా టీవీ అందించడానికి కావలసిన ట్రాన్స్‌పాండర్లు 12 దానిమీద ఉన్నాయి. మళ్ళీ అచ్చం అటువంటిదాన్నే తయారుచేసి, 4సిఆర్ అని పేరు పెట్టి, 2007 సెప్టెంబరు 2 సాయంత్రం అదే చోటు నుంచి ఎగరేశారు. అది నిలిచింది. మన ఇంటి డిష్షు వెనక అంత కథ ఉంది. దాని కిందికి వచ్చాక చివరి పదిగజాల వైరు దగ్గర మనం తడబడతాం!

ముందు సులువైన దారి చెబుతాను. బాక్సు తరవాత పంచుకోవడం.

బాక్సు వెనక్కి తిప్పి చూడండి. పసుపు, తెలుపు, ఎరుపు రంగుల గుండ్రటి రంధ్రాలు మూడు ఉంటాయి. పసుపుది బొమ్మ, తక్కిన రెండూ మాట. వీటిని ఎ.వి. అంటారు. కొంచెం కొత్త బాక్సయితే చదునుగా, పెదవి లాగా ఉండే హెచ్.డి.ఎం.ఐ. రంధ్రం కూడా ఉంటుంది. చాలా బాక్సుల్లో ఈ రెండూ ఒకేసారి పనిచేస్తాయి. హాల్లో పెద్ద టీవీకి హెచ్.డి.ఎం.ఐ. వైరూ, లోపలి గదిలో పాత టీవీకి ఎ.వి. వైరూ ఇస్తే సరి, రెండు టీవీలకూ ఇంకే పరికరమూ కొనక్కర్లేదు. కావలసినంత పొడుగు మంచి వైరు చాలు. ఈ మాట మెకానిక్కులు తమంతట తాము చెప్పరు. చెబితే వాళ్ళకు మిగిలేదేముంది?

టీవీలు రెండుకు మించితే స్ప్లిట్టరు కావాలి. హెచ్.డి.ఎం.ఐ. స్ప్లిట్టరని అడగండి. ఒక వైరు లోపలికి, రెండో నాలుగో వైర్లు బయటికి. కొట్లో దాని పక్కనే, చూడ్డానికి అచ్చం దానిలాగే ఉండే హెచ్.డి.ఎం.ఐ. స్విచ్చు కూడా పెట్టి ఉంటారు. అది దీనికి సరిగ్గా తిరకాసు. మూడు బాక్సుల్ని ఒకే టీవీకి కలిపేది. కొట్టబ్బాయి “రెండూ ఒకటేనమ్మా” అంటాడు. మీరు డబ్బా మీద చదివి తెచ్చుకోండి. ఇంకొక చిక్కుంది. మూడు టీవీల్లో ఒకటి పాతకాలందయితే, కొన్ని స్ప్లిట్టర్లు తక్కిన రెండింటి బొమ్మనూ దాని స్థాయికే దించేస్తాయి. బడిలో వెనకబడ్డ పిల్లవాడి కోసం తరగతంతా ఆగినట్టు. ఇంకొన్నిసార్లు పాత టీవీలో బొమ్మే రాదు, దొంగ నకళ్ళు తీయకుండా పెట్టిన తాళం దానికి తెలియదు గనుక. ఇవి రెండూ ముందే తెలిసుంటే కొత్త స్ప్లిట్టరు చెడ్డదని కొట్టువాడితో పోట్లాడం.

ఈ వైరుకు దూరం పడదు. పది, పదిహేను మీటర్లు దాటితే బొమ్మ మెరుస్తుంది, ఆరిపోతుంది. మన పల్లెటూరి ఇళ్ళలో హాలు నుంచి వెనకింటి గదికి లెక్కేసుకుంటే, గోడ మీదికెక్కి తలుపు చుట్టూ దిగేసరికి ఇరవై మీటర్లు ఇట్టే అయిపోతుంది. అటువంటప్పుడు పాత పద్ధతే నయం. మాడ్యులేటరని చిన్న పెట్టె దొరుకుతుంది. బాక్సు నుంచి వచ్చే ఎ.వి.ని మామూలు కేబుల్ టీవీ ఛానల్లాగా మార్చేస్తుంది. అక్కణ్ణించి కేబులు వైరు మీద, కేబులువాళ్ళు వాడే చవక స్ప్లిట్టర్లతోనే ఎన్ని గదులకైనా తీసుకుపోవచ్చు. ప్రతి టీవీలోనూ యాంటెనా రంధ్రానికి తగిలించి, ఒకసారి ఛానళ్ళు వెతికించాలి. బొమ్మ హెచ్.డి.ఎం.ఐ. అంత నిగనిగలాడదు. పదిహేనేళ్ళ నాటి డబ్బా టీవీకి ఆ నిగనిగతో పనేముంది? ఒక్క జాగ్రత్త చెప్పాలి. స్ప్లిట్టరు సిగ్నల్ని పుట్టించదు, ఉన్నదాన్ని పంచుతుందంతే. రెండుగా చీలిస్తే సగం సగం, నాలుగుగా చీలిస్తే పావు పావు. రెండు టీవీలకు నాలుగు నోళ్ళ స్ప్లిట్టరు కొనకండి. ముందుముందు పనికొస్తుందని కొంటాం మనం, అన్నీ అట్లాగే కొంటాం గదా! ఖాళీ నోరు ఉండిపోతే దానికి 75 ఓముల మూత బిగించమనండి.

ఇక రిమోటు. బాక్సు హాల్లో ఉంటే పడగ్గదిలోంచి రిమోటు నొక్కినా దాని వెలుగు గోడ దాటదు. దీనికీ ఉపాయముంది. చిన్న కన్ను లాంటిది గదిలో అంటించి, దాని వైరు బాక్సు ముందు దాకా తీసుకువస్తారు. వైరు లేకుండా రేడియో తరంగాలతో పనిచేసేవీ ఉన్నాయి. గదిలోంచి ఛానలు మార్చవచ్చు. మారుస్తే హాల్లో వాళ్ళకూ మారుతుంది. సరిగ్గా అక్కడే అసలు తగువు మొదలయ్యేది.

1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా మన దేశంలో సైట్ అనే ప్రయోగం జరిగింది. అమెరికా వారి ఎ.టి.ఎస్.-6 ఉపగ్రహాన్ని ఒక ఏడాది వాడుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు నేరుగా టీవీ చూపించారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. మన తీరానికి ఆ అదృష్టం దక్కలేదు, తెలంగాణా, కర్నూలు వైపు పల్లెలకు దక్కింది. ఊరికొకటే టీవీ. కోళ్ళకు దడి కట్టే ఇనప వల వంటి వలతో చేసిన మూడు మీటర్ల డిష్షు. పొలం పనులు ముగించుకుని ఊరంతా దాని ముందు కూర్చునేవారు. ఆ తరవాత 1987, 88లలో ఆదివారం పొద్దున రామాయణం వచ్చేటప్పటికి నేను చిన్నపిల్లను. వీధికి ఒకటో రెండో టీవీలు. కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతూ చూసేవాళ్ళం. ఎవ్వరూ తగువులాడేవారు కాదు. అంత మంచివాళ్ళమా అంటే అదేం లేదు. మార్చడానికి ఇంకొక ఛానలుంటేగా! ఈనాడు వందల ఛానళ్ళు ఒకే వైర్లో దిగుతుంటే, ఒకే బాక్సు పెట్టుకుని నలుగురూ సర్దుకుపోవాలంటే ఒకరు రాజు, తక్కినవాళ్ళు ప్రజలు అయి తీరాలి.

మా ఇంటి సంగతే చెబుతాను. మా అత్తయ్యగారికి తుంటి ఎముక విరిగి హాల్లోకి నడిచి రాలేని స్థితి వచ్చింది. ఆమె గదిలో పాత టీవీ పెట్టి, హాల్లో బాక్సు నుంచి వైరు లాగించారు మావారు. ఆమెకు బొమ్మ వచ్చింది. మాట వచ్చింది. మా అబ్బాయి హాల్లో కూర్చుని క్రికెట్ పెడితే లోపల ఆమె కూడా క్రికెట్టే చూడాలి. మావారు రాత్రి వార్తలు పెడితే ఆమెకూ వార్తలే. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆమె ఎన్నడూ ఏమీ అనలేదు. ఒకనాడు పాలు ఇవ్వడానికి వెళితే, “ఏందమ్మాయ్, ఆ బంతాట ఇంకా ఎంతసేపు ఉంటాది?” అని మెల్లిగా అడిగారు. “మార్చమంటారా అత్తయ్యా?” అన్నాను. “వద్దులే, బిడ్డ చూస్తా ఉండాడు” అన్నారు. ఆ టీవీ కట్టేసుకునే మీట చేతికందే దూరంలోనే ఉంది. అదయినా కట్టలేదు. కడితే మళ్ళీ ఎవరో వచ్చి పెట్టాలి గదా!

ఇటువంటి పెద్దవాళ్ళు మీ ఇళ్ళలోనూ ఉంటారు. పగలంతా ఇంట్లో ఉండే కోడళ్ళూ ఉంటారు. వాళ్ళ గదిలో తెర వెలుగుతూ ఉంటుంది గనుక వాళ్ళకూ టీవీ ఉన్నట్టే లెక్కేస్తాం. ఇంట్లో ఎవరికి ఒకే కూర చాలునో, ఎవరికి చాలదో చూసుకోమని మొదట అన్నది ఇందుకే. భార్యాభర్తలు పడుకునే ముందు ఒకే సినిమా చూస్తారు, వంట చేస్తూ మనం హాల్లో సీరియలే వింటాం, ఇక్కడంతా స్ప్లిట్టరు చాలు. వంటింట్లో చిన్న తెర పెట్టుకుంటే సరిపోతుంది. మంచం దిగలేని మనిషికి మాత్రం వేరే బాక్సు, వేరే రిమోటు ఇవ్వాలని నా అభిప్రాయం.

వేరే బాక్సు అంటే రెండో దారి. బాక్సుకు ముందే పంచుకోవడం. ఇందులో డిష్షు మాత్రమే ఉమ్మడి.

ఇక్కడ మెకానిక్కులు చేసే పని ఒకటి చెప్పాలి. మా వీధిలో ఒకావిడ రెండో బాక్సు తెప్పించుకున్నారు. వచ్చినతను డిష్షు నుంచి దిగే వైరును మామూలు కేబులు స్ప్లిట్టరుతో రెండుగా చీల్చి వెళ్ళిపోయాడు. ఆ పూట రెండూ బాగానే వచ్చాయి. మర్నాటి నుంచి హాల్లో బాక్సు పెడితే లోపలి బాక్సులో సగం ఛానళ్ళు మాయం. హాల్లోది కట్టేస్తే మళ్ళీ ప్రత్యక్షం! గాలికి డిష్షు కదిలిందని ఆ ఇంటి అబ్బాయి నాలుగుసార్లు మిద్దెక్కాడు. కంపెనీని తిట్టుకున్నారు. డిష్షు తప్పూ కాదు, కంపెనీ తప్పూ కాదు.

విషయమేమిటంటే, బాక్సు ఎల్.ఎన్.బి.కి అదే వైర్లో కరెంటు పంపుతుంది. 13 వోల్టులు పంపితే నిలువు తరంగాలు ఇమ్మని, 18 పంపితే అడ్డ తరంగాలు ఇమ్మని అర్థం. కొన్ని ఛానళ్ళు నిలువులో ఉంటాయి, కొన్ని అడ్డంలో. ఒకే ఎల్.ఎన్.బి.కి రెండు బాక్సులు కడితే, ఒకే వంటమనిషికి ఇద్దరు యజమానురాళ్ళు దొరికినట్టు. ఒకావిడ దోసె వెయ్యమంటుంది, ఒకావిడ ఉప్మా చెయ్యమంటుంది. ఎవరి గొంతు పెద్దదో వారి మాటే చెల్లుతుంది. 18 వోల్టులదే పెద్ద గొంతు. పైగా కేబులు స్ప్లిట్టరు చాలావాటికి 1,000 మెగాహెర్ట్జ్‌ల దాకానే శక్తి, డిష్షు వైర్లో నడిచేది 2,150 దాకా అని ఇందాకే చెప్పాను. మీకు కావలసిన ఛానళ్ళన్నీ ఒకే తీరు తరంగాల్లో ఉంటే డిష్షు కోసం చేసిన స్ప్లిట్టరుతో గడిచిపోవచ్చు. మామూలుగా అయితే రెండు నోళ్ళో నాలుగు నోళ్ళో ఉన్న ఎల్.ఎన్.బి. బిగించమనాలి. ట్విన్ అనీ, క్వాడ్ అనీ అడిగితే ఇస్తారు. ఒక్కొక్క నోటి నుంచి ఒక్కొక్క వైరు, ఒక్కొక్క బాక్సుకు. ఎవరి వంటమనిషి వారికి. వైరు ఎక్కువ పడుతుంది, మాట పడక్కర్లేదు.

బాక్సు రెండోదయితే నెల డబ్బులు కూడా ఉంటాయి. ఇంట్లో రెండో టీవీకి వసూలు చేసే నెట్‌వర్కు రుసుము మొదటిదానిలో 40 శాతం దాటకూడదని 2020లో ట్రాయ్ వారు నియమం పెట్టారు. 2024లో ఆ రుసుముల మీద పరిమితులు ఎత్తేసి కంపెనీలకే వదిలేశారు. అందుచేత ఇప్పుడు అడగడం మన వంతు. “ఇదే ఇంట్లో రెండో టీవీ, రాయితీ ఎంతిస్తారు?” అని ఫోను చేసి అడగండి. చాలామంది అడగరు, అడగనివాళ్ళకు పూర్తి ధరే పడుతుంది. వేరే ఊళ్ళో కాపురముంటున్న కొడుకుకు మన పేరున రెండో బాక్సు పంపించడం, పక్కింటికి వైరు లాగి నెలకింత అని తీసుకోవడం, ఇవి మాత్రం వద్దు. పదిళ్ళకు వైర్లు లాగి డబ్బు పుచ్చుకుంటే అది కేబులు వ్యాపారం కిందికొస్తుంది, దానికి 1995 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషను కావాలి. వేరే మీటరున్న రెండిళ్ళ మధ్య వైరు కలిపితే షాకులు కొట్టే సందర్భాలూ లేకపోలేదు.

నెలనెలా కట్టలేని వారికి దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ ఉంది. 2004 డిసెంబరు 16న డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలయింది. అప్పుడు 33 ఛానళ్ళు, ఇప్పుడు చాలా ఎక్కువ. ఒకసారి డిష్షూ బాక్సూ కొనుక్కుంటే ఆపైన కట్టేదేమీ లేదు. డబ్బు కట్టి చూసే ఛానళ్ళన్నీ ఇందులో వస్తాయనుకోవద్దు. మా అత్తయ్యగారికి చివరకు కుదిరింది ఇదే. ఆమె చూసేది సప్తగిరి ఛానలు, అందులో పాటలూ హరికథలూ. మిద్దె మీద ఎప్పటిదో ఖాళీ డిష్షు పడి ఉంటే మా తమ్ముడు దాన్ని ఆగ్నేయానికి తిప్పి కట్టాడు. ఫ్రీ డిష్ వచ్చే ఉపగ్రహం మన నెల్లూరు నుంచి చూస్తే సముద్రం వైపు, ఆగ్నేయ మూలన, బాగా ఎత్తులో ఉంటుంది. డబ్బు కట్టే కంపెనీల డిష్షులు చాలావరకు వేరే ఉపగ్రహాల వైపు చూస్తుంటాయి. ఒక కంపెనీ డిష్షు వైరు తీసి ఇంకొకరి బాక్సుకు గుచ్చితే సాధారణంగా బొమ్మ రాదు, డిష్షు తిప్పాలి. బాక్సు కొనేటప్పుడు ఎంపెగ్-4 రకం ఇమ్మనండి, పాత రకంలో కొన్ని ఛానళ్ళు కనపడవు. అత్తయ్యగారి రిమోటు మీద మేము సప్తగిరి అంకె దగ్గరా, పెట్టే కట్టే మీట దగ్గరా ఎర్ర గోళ్ళరంగు చుక్కలు పెట్టాం. తక్కిన మీటలతో ఆమెకు పని లేదు. ఇప్పుడు మా అబ్బాయి ఆట చూస్తుంటే, “ఆ గోల కాస్త తగ్గించరా అబ్బయా” అని లోపల్నించి కేక వేస్తారు.

ఇక మన తీరం వాళ్ళు ప్రత్యేకంగా పట్టించుకోవలసింది ఉప్పుగాలి. మైపాడు, కోడూరు, కృష్ణపట్నం, ఇస్కపల్లి, ఎక్కడైనా ఒకటే. తలుపు గొళ్ళేలనే తినేసే గాలి, వైరు చివర గోరంత కనెక్టరును వదులుతుందా? ఛానలు రావడం లేదంటే పదింట ఏడుసార్లు నేను చూసింది అక్కడే. విప్పి చూస్తే లోపల పచ్చటి చిలుమో, తెల్లటి పొడో ఉంటుంది. ఎన్ని టీవీలకు పంచుకుంటే అన్ని కనెక్టర్లు, అన్ని చోట్ల చిలుము. కాబట్టి స్ప్లిట్టరును మిద్దె మీద పెట్టనివ్వకండి, ఇంట్లోనే పెట్టించండి. బయట తప్పని కనెక్టరు మీద దానంతటదే అతుక్కునే రబ్బరు టేపు చుట్టించండి. మామూలు కరెంటు టేపు ఎండకు ఊడిపోతుంది. కిటికీలోంచి లోపలికి వచ్చే ముందు వైరు కొంచెం కిందికి వేలాడి మళ్ళీ పైకి లేచేలా ఉండాలి. వాననీళ్ళు ఆ వంపు దగ్గర కింద పడిపోతాయి, లేకపోతే వైరు పట్టుకుని గోడలోకి నడిచి వస్తాయి. వైరు ఆర్.జి.-6 రకం, లోపలి తీగ రాగిది అయితే మేలు. ఇనుము మీద రాగి పూత పూసింది చవక, పూత చిట్లిన చోట మన గాలికి తుప్పు మొదలవుతుంది. ఏ వైరు ఏ గదిదో చివర్న గుడ్డపీలిక మీద రాసి కట్టండి. కనెక్టరు విప్పేముందు అన్ని బాక్సుల ప్లగ్గులూ పీకండి, ఒక్కటి కాదు. ఆ వైర్లో కరెంటుంటుందని చెప్పాను కదా.

ఉరుములు మెరుపులప్పుడూ అంతే. కరెంటు ప్లగ్గుతో పాటు డిష్షు వైరు కూడా బాక్సు నుంచి తీసెయ్యాలి. టీవీలన్నీ ఒకే వైరుతో కలిపి ఉన్న ఇంట్లో ఒక పిడుగు దెబ్బకు అన్నీ పోయే ప్రమాదముంది.

పెద్దవాన పట్టిందంటే తరంగాలను వాననీళ్ళే తాగేస్తాయి, ఎన్ని బాక్సులున్నా ఎన్ని ఎల్.ఎన్.బి.లున్నా అన్ని తెరలూ ఒకేసారి నల్లబడతాయి. 2023 డిసెంబరు మొదటివారంలో మైచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటేదాకా మన జిల్లాను ముంచెత్తింది గుర్తుందా? మా ఊళ్ళో ముందు బొమ్మ పోయింది, తరవాత కరెంటు పోయింది, ఆ తరవాత ఫోన్లు పోయాయి. తుఫాను ఎక్కడుందో మాకు చెప్పింది అత్తయ్యగారి తలగడ దగ్గరి ట్రాన్సిస్టరు. రేడియోలో మాట్లాడే మనిషిని కనుక ఇట్లా అంటున్నాననుకోకండి. ఒక చిన్న ట్రాన్సిస్టరు ఇంట్లో ఉంచండి. సెల్లులు అందులోనే వదిలేస్తే కారిపోయి లోపలంతా తినేస్తాయి. తీసి, తేమ తగలని డబ్బాలో, కొవ్వొత్తులూ అగ్గిపెట్టే ఉండే చోటనే పెట్టుకోండి. కార్తీకం రాకముందే ఒకసారి వేసి, పలుకుతుందో లేదో చూడండి.

సెలవు.